వూరి పేరు, గుడి పేరు, బడి పేరు
(తెలుగు క్రైస్తవుల నామకరణ చరిత్ర - కొన్ని ఆలోచనలు)

1

పోయిన వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకతను భార్యనూ, నెలన్నర ఆడపిల్లనూ వెంటబెట్టుకుని మా యింటికి వచ్చాడు. అతని తల్లి కూడా వాళ్లతో వుంది. ఒంగోలు ప్రాంతంలో ఒక మాదిగపల్లె వాళ్లది. నాలుగు తరాలుగా క్రైస్తవులు. పెళ్లయిన ఆరేళ్లకి పుట్టిన బిడ్డ. "మాస్టారూ, మీరు తెలుగు చదువుకున్నవారు. మంచి అర్థమున్న పేరు ఒకటి చెప్పండి" అని అడిగాడు.

నేను నోరు విప్పకముందే ముసలమ్మ అందుకుంది. "బైబిల్లో పేరే వుండాల నాయనా. దేవుడిచ్చిన బిడ్డ" అంది. కొడుకు తల అడ్డంగా తిప్పాడు. "పేరు చూడగానే మతం తెలిసిపోకూడదమ్మా. రేపు సర్టిఫికెట్ల దగ్గర తిప్పలు పడేది మనమే" అన్నాడు. అంతవరకూ మాట్లాడని ఆ అమ్మాయి అప్పుడు అంది: "ఒకరు చూపించుకోవడానికి పేరు అడుగుతున్నారు, ఒకరు దాచుకోవడానికి అడుగుతున్నారు. పిల్ల పెద్దదై 'నా పేరుకి అర్థమేంటమ్మా' అంటే చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ అడగడం లేదు."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానని పంపేశాను. ఈ ముగ్గురి మధ్య నడిచిన వాదన ఒక కుటుంబ కలహం కాదు. దాని వెనక నూట యాభై యేళ్ల సామాజిక చరిత్ర వుంది. ఆ చరిత్ర నా మీదా నడిచింది. నాకూ రెండు పేర్లున్నాయి. మా అమ్మ నన్ను పిలిచే పేరు వేరు, నా డిగ్రీ పట్టా మీద వున్న పేరు వేరు.

సాహిత్య విమర్శకులం పద్యంలో శబ్దం గురించీ, నవలలో పాత్రచిత్రణ గురించీ పేజీలకు పేజీలు రాస్తాం. ఒక జాతి తన పిల్లలకి పెట్టుకున్న పేర్లను మాత్రం సాహిత్యంగా చదవం. కాయితం మీద తన పేరు తప్ప మరో అక్షరం మిగల్చని మనిషికి ఆ పేరే అతని రచన. తెలుగు దళిత క్రైస్తవులు అలా మూడు పొరల్లో రాసుకుంటూ వచ్చారు. వూరు పిలిచిన పేరు, గుడి యిచ్చిన పేరు, బడి రాసుకున్న పేరు. ఈ మూడింటినీ వరసగా చూద్దాం.

2

పేరుకీ వర్ణానికీ లంకె పెట్టిన శాస్త్రం మనకుంది. మనుస్మృతి రెండో అధ్యాయం నామకరణానికి నియమాలు చెబుతుంది. బ్రాహ్మణుడి పేరులో మంగళం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం ధ్వనించాలి. శూద్రుడి పేరు మాత్రం జుగుప్స కలిగించేదిగా వుండాలి, దాని చివర సేవకత్వాన్ని తెలిపే మాట వుండాలి. శూద్రుడికే యీ గతి పట్టించిన శాస్త్రం, వర్ణాల వెలుపలికి నెట్టేసిన పంచముడి పేరు గురించి మాట్లాడాల్సిన అవసరమే లేదనుకుంది.

అయితే యిక్కడ తొందరపడి ఒక పొరపాటు చేయకూడదు. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య వంటి పేర్లన్నీ అగ్రకులాలు దళితుల నెత్తిన రుద్దినవే అని మనలో కొందరు రాస్తున్నారు. అది నిజం కాదు. పుట్టిన బిడ్డలు వరసగా చనిపోతుంటే, బతికిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకోవడం, ఎంగిలి విస్తరాకులో పొర్లించడం, చేరెడు తవుడుకి అమ్మినట్టు నటించి తిరిగి తీసుకోవడం అన్ని కులాల్లోనూ వున్న ఆచారమే. పెంటారెడ్డి అనే పేరూ వుంది, తవిటినాయుడు అనే పేరూ వుంది. ఆ పేర్ల వెనక వున్నది పిల్లల్ని బతికించుకోలేని తల్లుల భయం. మృత్యువుకి ఆ బిడ్డ మీద ఆశ పుట్టకుండా చెత్త పేరు పెట్టడమే అందులోని అర్థం.

మిగతావి గ్రామదేవతల పేర్లు. పోలేరమ్మ పేరున పోలయ్య, పోలమ్మ. ఎల్లమ్మ పేరున ఎల్లయ్య. అంకమ్మ పేరున అంకయ్య. ఇవి అవమానకరమైన పేర్లు కానే కావు. ఆ తల్లులు శ్రమజీవుల దేవతలు. మరి అవమానం ఎక్కడుంది? పేరులో కాదు, పిలుపులో వుంది. అదే పేరు పెద్దకులం వాకిట్లోకి వచ్చేసరికి పోలిగాడు అయ్యేది, ఎల్లిగాడు అయ్యేది. తెల్లవెంట్రుకలొచ్చిన పోలయ్యను భూస్వామి పదేళ్ల కొడుకు "ఒరే పోలిగా" అనేవాడు. పొరుగు మనిషిని 'అయ్య' చేసే మన భాషలోని చిన్న ప్రత్యయం మాలమాదిగల దగ్గరికొచ్చేసరికి వూడిపోయేది. భూస్వామ్య సమాజంలో పేరు మనిషి సొత్తు కాదు. భూమిలాగే అది కూడా పైవాడి అజమాయిషీలో వుండేది.

మంచి పేరు పెట్టుకుంటే యేమయ్యేదో మా వూరి పెద్దలు చెప్పేవారు. కూలివాడి కొడుక్కి రామచంద్రుడనో రాజశేఖరుడనో పేరుంటే దొరలు నవ్వేవారట, ఆ పేరుతో పిలవడానికి నిరాకరించి తామే ఒక పేరు తగిలించేవారట. అంటే సంస్కృత నామాల గాదెకు కులం తాళం వేసి వుంది. ఈ విషయం గుర్తు పెట్టుకుంటేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

3

"మిషనరీలు వచ్చి మన పేర్లు ఊడబెరికి పరాయి పేర్లు పెట్టారు" అన్నది నేడు బాగా ప్రచారంలో వున్న మాట. చరిత్ర యింత సూటిగా లేదు.

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. 1852లో ఆ బడిలోంచి యిద్దరు అగ్రకుల విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే వూరు అట్టుడికింది, పిల్లల్ని బడి మానిపించారు. ఆ యిద్దరి పేర్లూ అయినాల భూషణం, మంచాల రత్నం. మతం మారాక కూడా వాళ్లు భూషణమూ రత్నమూ గానే వున్నారు, ఆ పేర్లతోనే గురువులయ్యారు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుల్లో ఒకరైన బ్రాహ్మణుడు పురుషోత్తమ చౌధరి (1803-1890) విష్ణువు పేరుతోనే క్రీస్తును కీర్తించి, ఆ పేరుతోనే కన్నుమూశాడు. ఆ పేరు మార్చుకోవాలని ఆయనకి తోచలేదు. తోచాల్సిన అవసరమూ లేదు, ఆ పేరుకి గౌరవం ముందే వుంది గనక.

ఇప్పుడు ఒంగోలు వైపు చూద్దాం. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకుని, మాదిగపల్లెల్లో పెద్ద కదలికకి కారకుడైన యెర్రగుంట్ల పేరయ్య పేరయ్యగానే మిగిలాడు. అతని భార్య నాగమ్మ నాగమ్మే. క్లౌ భార్య ఎమ్మా 1899లో వెలువరించిన మాదిగల కథల పుస్తకంలోనూ వాళ్లు ఆ పేర్లతోనే వున్నారు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. అంతమందికి ఒక్కరోజులో కొత్త పేర్లు వెదికే తీరిక ఎవరికుంటుంది? పోలయ్యలుగా దిగినవాళ్లు చాలావరకు పోలయ్యలుగానే ఒడ్డెక్కి వుంటారు.

బైబిలు పేర్లు అంతకుముందు లేవని కాదు. 1854 కొత్త సంవత్సరం నాడు తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన అయిదుగురిలో యిద్దరు జూయెట్ దొర దంపతులు. మిగిలిన ముగ్గురూ మనవాళ్లు. ఒకామె జూలియా, ఒకామె రూతు, మూడో మనిషి పేరు నర్సు. ఆ చిన్న గుంపులోనే రెండు రకాల పేర్లూ పక్కపక్కన నిలబడి వున్నాయి.

పేరు పెద్ద యెత్తున మారింది రెండో తరంలో. క్రైస్తవ యింట్లో పుట్టి మిషను బడిలో పలక పట్టిన పిల్లల్లో. దీనికి మహాకవి జాషువ యింటికంటే మంచి వుదాహరణ లేదు. 1895లో వినుకొండలో పుట్టిన ఆయనకి తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. రెండూ శైవం వాసన వున్న పల్లె పేర్లే. కొడుకు జాషువ. ఆ జాషువ తన కూతురికి పెట్టిన పేరు హేమలత. వీరయ్య, జాషువ, హేమలత: మూడు తరాల్లో మూడు పేర్ల లోకాలు. తెలుగు దళిత క్రైస్తవుల నామచరిత్ర అంతా ఆ ఒక్క కుటుంబంలో వుంది.

'జాషువ' అనే మాటను కూడా జాగ్రత్తగా చూడాలి. తెలుగు బైబిల్లో ఆ వీరుడి పేరు యెహోషువ. జాషువ అన్నది యింగ్లీషు పలుకుబడి. అంటే ఆ పేరు గ్రంథంలోంచి కాక దొరల నోటిలోంచి వినుకొండకు దిగింది. అయినా ఆ పరాయి శబ్దాన్ని ఆయన మన పద్యం చివర ఎంత దిట్టంగా నిలబెట్టాడంటే, 1948లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. పండిత సభలు కులం అడిగి మొహం తిప్పుకున్న చోట జాషువ అనే పేరు చప్పట్లు కొట్టించుకుంది. పేరు పరాయిదా మనదా అన్నది దాని పుట్టుకను బట్టి తేలదు, దానితో మనిషి చేసిన పనిని బట్టి తేలుతుంది.

మరి రెండో తరం బైబిలు పేర్లనే ఎందుకు కోరుకుంది? నా అభిప్రాయంలో కారణం భక్తి ఒక్కటే కాదు. సంస్కృత నామాల గాదెకు తాళం వుందన్నాను. బైబిలు పేర్ల గాదెకు కులం కాపలా లేదు. దావీదు అనే పేరు యే రెడ్డి సొత్తూ కాదు, సొలొమోను యే కరణం సొత్తూ కాదు. గొర్రెలు కాసినవాడు రాజైన కథ ఆ పేరులోనే వుంది. ఆ పేరు పెడితే "నీకెందుకురా యీ పేరు" అని అడిగే హక్కు వూళ్లో ఎవరికీ లేదు. బానిసత్వంలోంచి జనాన్ని నడిపించుకుపోయిన మోషే పేరు పాలేరు కొడుక్కి పెట్టడం మౌనంగా చేసిన రాజకీయ ప్రకటన. చర్చి వెలుపల కూడా ఆ కాలంలో యిదే తపన కనిపిస్తుంది. హైదరాబాదులో మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరు ఆది ఆంధ్ర మహాజనసభ అయింది. ఒకరు గాదె తాళం పగలగొట్టి తీసుకున్నారు, ఒకరు తాళం లేని గాదె వెదుక్కున్నారు. రెండూ ఆత్మగౌరవ పోరాటంలో భాగాలే.

అయితే వూరు వూరుకోలేదు. దావీదు 'దావీదుగాడు' అయ్యాడు, సమూయేలు 'సామేలుగాడు' అయ్యాడు. భూసంబంధాలు మారకుండా పేరొక్కటి మారితే యేమవుతుందో ఆ 'గాడు' చెబుతుంది.

ఇంతకంటే చిక్కయిన ప్రశ్న 'దాసు'ది. వున్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన 'మాలపల్లి'లో రామదాసు, సంగదాసు, వెంకటదాసు కనిపిస్తారు. మాలల్లో వైష్ణవ దాసరి సంప్రదాయం బలంగా వుండేది గనక ఆ పేర్లు సహజమైనవే. క్రైస్తవం వచ్చాక ఆ గూటిలోనే యేసుదాసు, క్రీస్తుదాసు, ప్రభుదాసు పుట్టారు. యజమాని మారాడు, దాసు మిగిలాడు. మనువు శూద్రుడి పేరు చివర కోరిన సేవకత్వపు మాట ప్రభువు సన్నిధిలోనూ వదల్లేదు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో యిలాగే ఘాటుగా ఒక వ్యాసం రాసి మురిసిపోయాను. ఇప్పుడు అది సగం నిజమే అనిపిస్తోంది. రెండో సగం పల్లెలో వుంది. తరతరాలుగా మోతుబరికి వెట్టిచేసిన మనిషి 'నేను యేసుకి దాసుణ్ని' అన్నప్పుడు దాని లోపలి అర్థం 'నీకు కాదు' అని. పౌలు కూడా తన్ను క్రీస్తు దాసుడిగా చెప్పుకున్నాడు, రోమా సామ్రాజ్యం నడిబొడ్డున. ఆ పేరులో లొంగుబాటూ వుంది, తిరుగుబాటూ వుంది. మతం గురించి మార్క్స్ చెప్పినదాంట్లో నల్లమందు మాటొక్కటే వల్లించి, దానికి ముందున్న పీడితుల నిట్టూర్పు మాటను మర్చిపోయే విమర్శకులు యీ పేర్లను సరిగా చదవలేరు.

తెలుగు సంఘం తన సొంత చేతులతో చేసుకున్న మూడో రకం పేర్లు కూడా వున్నాయి. వీటిని సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. సువార్త, కృపమ్మ, కరుణమ్మ, దీవెనమ్మ, దైవసహాయం, దేవదానం, కృపావరం, సంతోషం, ప్రకాశం, పరంజ్యోతి. ఇవి హీబ్రూ కావు, యింగ్లీషు కావు. తెలుగు బైబిలు అనువాదం, తెలుగు కీర్తనలు కలిసి పుట్టించిన నుడికారం. ఈ నుడికారంలో పాత మాటలకి కొత్త అర్థాలు వచ్చాయి. మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు, గుడి తెలుగులో శాంతి. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు, గుడి తెలుగులో ఆశ. మన నిఘంటుకారులు మాండలికాలను వెదికినంత శ్రద్ధగా యీ పల్లెల భాషను వెదకలేదు.

కతోలికుల దారి మరొకటి. వాళ్లలో పసిబిడ్డకే జ్ఞానస్నానం, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి సమక్షంలో పునీతుల పేరు. తెలుగు కతోలికుల పాత పేర్లు చాలావరకు తమిళ సంఘం మీదుగా వచ్చాయి. పౌలు అనే మాటకు లాటిన్‌లో చిన్నవాడని అర్థం, అందుకని చిన్నప్ప. పేతురు అంటే రాయి, రాయప్ప అందులోంచి వచ్చిందని చెబుతారు. ఇగ్నేషియస్ ఇన్నాసయ్య అయి ఇన్నయ్య అయ్యాడు. జేవియర్ శౌరయ్య అయ్యాడు, ఆ శౌరి మన పురాణాల్లో కృష్ణుడి పేరు కూడా. బాలశౌరి అని పిలిస్తే యే దేవుడి బిడ్డో చెప్పలేం. శబ్దాన్ని అరువు తెచ్చుకోవడం ఒక పద్ధతి, అర్థాన్ని అనువదించుకోవడం ఒక పద్ధతి. చిన్నప్ప రెండో పద్ధతి బిడ్డ. కానీ 18వ శతాబ్దం నుంచే కతోలికులైన రెడ్డి కుటుంబాల్లో అదే పేరు చిన్నప్పరెడ్డి అయింది, ఇన్నయ్య ఇన్నారెడ్డి అయ్యాడు. పేరులో ముందు సగం పునీతుడిది, వెనక సగం కులానిది. జ్ఞానస్నానం నీళ్లు ఆ వెనక సగాన్ని తడపలేదు. కడప జిల్లా క్రైస్తవ కుటుంబంలో పుట్టి 2004 నుంచి 2009 దాకా ముఖ్యమంత్రిగా వున్న రాజశేఖరరెడ్డి పేరులో శివుడూ వున్నాడు, కులమూ వుంది. ఆయన్ని ఆ పేరు మార్చుకొమ్మని ఎవరూ అడగలేదు. పేరును బట్టి మతాన్ని ఆరా తీసేది పేదవాడి విషయంలోనే.

4

ఆ ఆరా ఎక్కడ మొదలైందో చూద్దాం. 1950లో రాష్ట్రపతి వుత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటించింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించేవారు షెడ్యూల్డు కులస్తులు కారు. ఆ గీతను 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవులూ ముస్లిములూ గీత వెలుపలే వుండిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాల వారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా చేర్చి ఒక్క శాతం కేటాయించింది. వూళ్లో వాడి బావి మారలేదు, శ్మశానం మారలేదు, కాయితం మాత్రం మారింది.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ మృతుల పేర్లు చదివితే బైబిలు పేర్లూ, మామూలు తెలుగు పేర్లూ కలిసే వుంటాయి. గొడ్డలి పేరు అడగలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు, సూసై కేసులో, మతం మారాక కూడా అదే తీవ్రతతో అణచివేత కొనసాగుతున్నట్టు రుజువు చూపాలని చెప్పింది. ఈ రెండు తేదీల మధ్య వున్నది రెండున్నర నెలలే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసేయమని సిఫార్సు చేసింది. తీయలేదు. 2022లో బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు.

చట్టం మాట్లాడేది మతం గురించి, పేరు గురించి కాదు. కానీ కచేరీలో గుమాస్తా బల్ల దగ్గర మతానికి మొదటి సాక్ష్యం పేరే. అందుకని పల్లెల్లో మూడో పేరు పుట్టింది. గుడిలో సమూయేలు, బడిలో శ్యాం. గుడిలో రాహేలు, బడిలో రాజేశ్వరి. మా తరంలో ఎందరో ప్రసాదులూ, ఆనందులూ, సునీతలూ యిలా పుట్టినవాళ్లే. నన్ను బడిలో వేసేనాడు మా నాన్న పేరు చెప్పబోతే, అక్కడి పంతులు "ఆ పేరెందుకయ్యా, పిల్లాడికి ముందుముందు కష్టం" అని తానే ఒక పేరు రాసేశాడట. మా నాన్న దండం పెట్టి వచ్చాడు. దొర పేరు తగిలించే హక్కు పంతులు కలంలోకి వచ్చింది, అంతే తేడా.

కానీ ఆ పంతుల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇరవై యేళ్ల నౌకరీలో నేనూ అదే పని చేశాను. అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చుని ఎందరో తండ్రులకి "వేరే పేరు రాయించు" అని సలహా యిచ్చాను. అది మేలే అనుకున్నాను. ఒకసారి ఆరో తరగతిలో హాజరు పిలుస్తుంటే ఒక పిల్ల పలకలేదు. రెండుసార్లు పిలిచాక పక్కపిల్ల మోచేత్తో పొడిచి "నిన్నేనే" అంది. తన పేరు తనది కాదు గనక ఆ పిల్ల వినిపించుకోలేదు. ఆ రోజు నేను రాసిన పేర్లన్నీ నాకు గుర్తొచ్చాయి.

దీన్ని మోసం అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకు బైబిల్లోంచే జవాబు చెప్పవచ్చు. బబులోను రాజు చెరపట్టిన పిల్లల్ని తన బడిలో చేర్చినప్పుడు అధికారి మొదట చేసిన పని వాళ్ల పేర్లు మార్చడం. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు, అజర్యా అబేద్నెగో అయ్యాడు. హదస్సా అనే పిల్ల ఎస్తేరు పేరుతో తన జాతి యేదో చెప్పకుండా రాజు కోటలో వుంది. రెండు పేర్లతో బతకడం చెరలో వున్నవాళ్ల లక్షణం. సిగ్గుపడాల్సింది చెర పెట్టినవాళ్లు.

అయినా నిజం ఒప్పుకోవాలి. రెండు పేర్లు మనిషిని రెండుగా చీలుస్తాయి. దొరకడానికి వుద్యోగం దొరుకుతుంది గానీ, అమ్మ పిలిచే పేరు బయట వినపడితే ఉలిక్కిపడే అలవాటు మిగులుతుంది.

5

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న: అర్థం.

అర్థం కోసం బైబిలు తెరిస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడి తల్లులు పేర్లు అరువు తెచ్చుకోలేదు. బిడ్డల కోసం యేళ్లతరబడి ఏడ్చిన హన్నా కొడుకు పుట్టగానే, అడిగి తెచ్చుకున్నాను గనక, సమూయేలు అంది. ప్రసవంలో చనిపోతూ రాహేలు తన బిడ్డను బెనోని, అంటే దుఃఖపు కొడుకు, అంది. తండ్రి ఆ పేరు వుంచలేక బెన్యామీను అన్నాడు. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకుని సొంతవూరు చేరిన నయోమి తన్ను యిక మారా అని పిలవమంది, చేదు అని దానర్థం. ప్రతి పేరూ ఆ తల్లి బతుకులోంచి, ఆమె మాట్లాడే భాషలోంచి వచ్చింది. మన చేతికి వచ్చేసరికి అందులో శబ్దం మిగిలింది, అర్థం యిగిరిపోయింది. ఈ లెక్కన హన్నాకి దగ్గరగా వున్నది 'శామ్యూల్' అని పెట్టుకునే నేటి చదువుకున్న తండ్రి కాదు. తవుడుకి అమ్మి తెచ్చుకున్న బిడ్డకు తవిటయ్య అని పెట్టిన మన పల్లెతల్లి.

దేవుణ్ని నమ్మని మనిషి ఒకరు యీ పద్ధతిని తెలుగునాట పాటించారు. నాస్తికోద్యమకారుడు గోరా (1902-1975) వుప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుక్కి సమరం అని పేర్లు పెట్టారు. కాలాన్ని బిడ్డ పేరులో నిలిపారు. జాషువ కూతురు హేమలత పెళ్లాడింది ఆ లవణం గారినే. వీరయ్య లింగమ్మల దగ్గర మొదలైన పేర్ల ప్రయాణం అక్కడ మరో మలుపు తిరిగింది.

కాబట్టి క్రైస్తవ తల్లిదండ్రులు బిడ్డకు అర్థవంతమైన పేరు కావాలనుకుంటే హన్నా పెట్టిన పేరు పెట్టడం కంటే హన్నా చేసిన పని చేయడం మేలు. మీ బతుకులో మీరు దేనికోసం యేడ్చారో, దేన్ని గెలిచారో, దేనికోసం చూస్తున్నారో దాన్ని మీ భాషలో బిడ్డకు పెట్టండి. బైబిలు పేరే పెట్టుకుంటామంటే పెట్టుకోండి, కానీ ఆ పేరు వెనక కథ బిడ్డకు చెప్పండి. రూతు అంటే వేరే జాతి నుంచి వచ్చి పరాయి పొలంలో పరిగె యేరుకున్న కూలిమనిషి. పరిగె యేరిన నాయనమ్మ వున్న యింట్లో ఆ పేరుకి అర్థం నిఘంటువు చూసి చెప్పనక్కర్లేదు.

ఈ మాట రచయితలకి కూడా చెప్పాలి. మన సినిమాలు చాలాకాలం విలన్ అనుచరుడికి రాబర్ట్ అనీ, క్లబ్బు డాన్సరుకి రీటా అనీ పేర్లు పెట్టాయి. మన కథల్లో క్రైస్తవ పాత్ర అంటే నర్సు మేరీ, పాస్టరు జాన్. మన అభ్యుదయ రచయితలు కూడా యీ బద్ధకం నుంచి పూర్తిగా బయటపడలేదు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) యీ విషయంలో మనకి పాఠం. అందులో శివయ్య సీమోను అవుతాడు, అతని కొడుకు రూబేను, కోడలు రూతు. ఒక పేరు నుంచి యింకో పేరుకి నడిచిన దారిలో కరువు వుంది, కాలవ తవ్వకం వుంది, ఆకలి వుంది. పేరు మారడం ఆ నవలలో మతప్రచారం కాదు, చరిత్ర గమనం. పాత్రకు పేరు పెట్టేముందు ఆ పేరు యే పొర నుంచి వచ్చిందో, దానికి యెంత ఖరీదు చెల్లించారో రచయిత తెలుసుకోవాలి.

నెల తర్వాత నా విద్యార్థి ఫోను చేస్తే యిదంతా క్లుప్తంగా చెప్పాను. ఆరేళ్లు యేం చేశారని అడిగాను. "ఎదురుచూశాం మాస్టారూ" అన్నాడు. పక్కనుంచి ఆ అమ్మాయి "నిరీక్షణ" అంది. వెనకనుంచి ముసలమ్మ "అది వాక్యంలో మాటేగా, పెట్టండి" అంది. అతను కాసేపు మాట్లాడలేదు. ఆ పేరు దాచుకోవడానికి పనికిరాదని అతనికి తెలుసు. గుడి తెలుగు తెలిసిన గుమాస్తా ఎవడైనా పసిగడతాడు.

ఏ రిజిస్టరులో యేం రాయించాలో నేను చెప్పలేదు. ఆ మూడో పేరా మోస్తున్నవాళ్లకి ధైర్యం గురించి వుపన్యాసం యిచ్చే హక్కు నాకు లేదు. పురపాలక కార్యాలయంలోనూ, గుడి పుస్తకంలోనూ ఒకే పేరు రాయించామని అతనే తర్వాత చెప్పాడు. బడి సంగతి యింకా నాలుగేళ్లకి. అప్పటికి ఆ పిల్ల మా బడికే వస్తే రిజిస్టరు రాసేది నేనే కావచ్చు. ఈసారి తండ్రి చెప్పిన పేరే రాస్తాను.

ఈ వ్యాసం కింద వున్నది మాత్రం నా బడి పేరే. నన్ను వెదుక్కుంటూ మా పల్లెకి ఎవరైనా వచ్చి ఆ పేరు అడిగితే, మా అమ్మ సైతం ఒక్క క్షణం ఆలోచిస్తుంది.